చుక్కల పుస్తకం నుంచి మాట్లాడే పుస్తకం దాకా

ప్రత్యేక సంచికకు ఏదైనా చరిత్ర వ్యాసం రాసి ఇవ్వమని మన సంఘం కార్యదర్శిగారు అడిగినప్పుడు నాకు ముందుగా జ్ఞాపకం వచ్చింది ఒక బేరింగు ప్యాకెట్టు.

1970ల మొదట్లో సంగతి. నేను తపాలా శాఖలో చేరి రెండేళ్ళు కూడా కాలేదు. ఊరు పేరు ఇక్కడ అనవసరం. ఒకరోజు ఉదయం వచ్చిన సంచిలో గోధుమరంగు కాగితం చుట్టిన పెద్ద ప్యాకెట్టు ఒకటి ఉంది. ఎక్కడా స్టాంపు లేదు. కొత్త బిచ్చగాడు పొద్దెరగడన్నట్టు, నేను ఉత్సాహంగా దాన్ని తూకం వేసి, కట్టవలసిన రుసుముకు రెట్టింపు లెక్కగట్టి, బేరింగు గుర్తు వేసి పోస్ట్‌మన్ చేతికిచ్చాను. సాయంత్రం డబ్బు వసూలై వచ్చింది. మర్నాడు పోస్టుమాస్టరుగారు లెక్క చూస్తూ నన్ను పిలిచారు.

"ఏమయ్యా, అడ్రసు చదివావు గాని దాని పైన ఏం రాసుందో చదివావా?"

చదవలేదు. అది అంధుల పుస్తకం. అటువంటి ప్యాకెట్లకు తపాలా రుసుము లేదు. మేము పనిచేసిన కాలంలో ఏడు కిలోల వరకూ ఉచితంగా పోయేవి. రూల్సు పుస్తకంలో ఆ పేజీ నేను చూసి ఉండలేదు. "నువ్వే పట్టుకెళ్ళి ఆయన డబ్బు ఆయనకిచ్చి రా" అన్నారు పోస్టుమాస్టరుగారు.

ఆయన సంగీతం మాస్టారు. పుట్టుగుడ్డి. నేను వెళ్ళేసరికి వరండాలో కూర్చుని ఒడిలో పుస్తకం పెట్టుకుని రెండు చేతులతో తడుముతున్నారు. డబ్బు ఇచ్చి తప్పు ఒప్పుకున్నాను. "అడిగితే ఇచ్చేశాను బాబూ. వాదన పెట్టుకుంటే పుస్తకం వెనక్కి పోతుందేమోనని భయం" అన్నారాయన. తరువాత నా వేలు పట్టుకుని ఒక చుక్క మీద, ఇంకొక చుక్క మీద పెట్టి చూపించారు. పుస్తకం డెహ్రాడూన్ నుంచి వస్తుందని, ఒకటి తిరిగి పంపితే మరొకటి వస్తుందని చెప్పారు. అంత పెద్ద సంపుటం మొత్తం కథలో మూడో వంతేనట.

ఆ ప్యాకెట్టు సంగతి ముప్ఫై ఏళ్ళ పైన మరిచిపోయాను. రెండేళ్ళ క్రితం నా ఎడమ కంటి చూపులో నడిమి భాగం మసకబారింది. తరువాత కుడికన్నూ అదే దారి పట్టింది. మనుషులు కనిపిస్తారు, వాళ్ళ ముఖాలు కనిపించవు. పత్రికలో పెద్ద హెడ్డింగు కనిపిస్తుంది, దాని కింద వార్త కనిపించదు. ఆపరేషనుతో బాగయ్యేది కాదన్నారు డాక్టరుగారు. అప్పటినుంచి ఆ మాస్టారు తరచు గుర్తుకొస్తున్నారు. ఆ పుస్తకాలు ఎవరు మొదలుపెట్టారు, అవి ఇంటిదాకా ఎలా వచ్చాయి అన్నది తెలుసుకుందామనిపించింది. మా కోడలు చదివి వినిపించగా తెలుసుకున్నది, నేను చెప్తుంటే ఆ అమ్మాయే రాసిపెట్టగా ఈ వ్యాసం తయారైంది.

కథ ప్యారిస్‌లో మొదలవుతుంది. 1785లో వాలెంటిన్ హావీ అనే ఆయన అక్కడ అంధబాలలకు బడి పెట్టాడు. ఆయన పుస్తకాలు మామూలు అక్షరాలనే దళసరి కాగితం మీద ఉబ్బెత్తుగా ముద్రించినవి. కళ్ళున్నవాడి అక్షరాన్నే వేలికి అందించాలన్నది ఆయన ఆలోచన. ఆలోచన మంచిదే కాని అక్షరం అరచేతిలో సగం ఉండేది. చదవడం మహా నెమ్మది. రాసుకునే వీలు అసలే లేదు.

ఆ బడికి 1819లో పదేళ్ళ లూయీ బ్రెయిల్ వచ్చి చేరాడు. ఆయన 1809 జనవరి 4న కూవ్రే గ్రామంలో, గుర్రపు జీనులు కుట్టేవాని ఇంట పుట్టాడు. మూడేళ్ళ వయసులో తండ్రి పనిచేసే చోట ఆడుకుంటుంటే తోలు కుట్టే ఆర కంట్లో గుచ్చుకుంది. అయిదేళ్ళు వచ్చేసరికి రెండు కళ్ళూ పోయాయి. 1821లో చార్లెస్ బార్బియే అనే మాజీ సైనికాధికారి తాను కనిపెట్టిన పన్నెండు చుక్కల లిపిని ఆ బడికి తెచ్చి చూపించాడు. పన్నెండు చుక్కలు ఒక్క వేలికొస కింద ఇమడవు. ఆ లిపికి స్పెల్లింగు లేదు, శబ్దాలే ఉన్నాయి. బ్రెయిల్ దాన్ని ఆరు చుక్కలకు కుదించాడు. అప్పటికి అతని వయసు పదిహేను. ఆరు చుక్కలతో అరవైమూడు గుర్తులు వస్తాయి. అక్షరాలకూ, అంకెలకూ, సంగీతానికీ అవి సరిపోయాయి. 1829లో ఆ పద్ధతి అచ్చయింది. సొంత బడే దాన్ని అధికారికంగా ఒప్పుకున్నది 1854లో. అప్పటికి బ్రెయిల్ క్షయతో పోయి రెండేళ్ళయింది. ఫైళ్ళు ఎన్నేళ్ళు కదలకుండా ఉంటాయో మనకు తెలియని విషయం కాదు గదా!

లిపి వచ్చింది సరే, పుస్తకం దొరికేది ఎక్కడ? బ్రెయిలీ పుస్తకం కొనడం సామాన్యులకు అయ్యే పని కాదు. కాగితం దళసరి, అచ్చు ఖరీదు, మామూలు నవల ఒకటి మూడు నాలుగు సంపుటాలవుతుంది. అల్మరాలో ఒత్తి పేరిస్తే చుక్కలు అణిగిపోతాయి. ఇంట్లో పెట్టుకోవడానికి చోటుండదు. కనుక అంధుల చదువుకు మొదటినుంచీ అరువు గ్రంథాలయమే ఆధారం. ఇంగ్లండులో 1882లో మార్తా ఆర్నాల్డ్ అనే ఆవిడ లండన్‌లోని తన ఇంట్లోనే ఇటువంటి గ్రంథాలయం ప్రారంభించింది. అదే పెరిగి జాతీయ గ్రంథాలయమైంది. అమెరికాలో లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ 1897లో అంధుల కోసం ప్రత్యేక పఠన మందిరం తెరిచింది.

అయితే పఠన మందిరం ఎంత బాగున్నా అక్కడికి చేరేదెలా? చూపులేని మనిషి ఊరు దాటి, వీధులు దాటి రావాలి. ఇక్కడే మన తపాలా వస్తుంది. 1904లో అమెరికా ప్రభుత్వం గ్రంథాలయాలు అంధులకు అరువిచ్చే పుస్తకాలను రానూ పోనూ ఉచితంగా పంపేందుకు చట్టం చేసింది. ఆ తరువాత ఎక్కడో వందల మైళ్ళ అవతల పొలంలో ఉన్న మనిషి కూడా గ్రంథాలయ సభ్యుడు కాగలిగాడు. అంధుల గ్రంథాలయ చరిత్రలో బ్రెయిల్ తరువాత పెద్ద పీట పోస్ట్‌మన్‌కు వేయాలని నా అభిప్రాయం. మన శాఖవాణ్ణి గనుక అంటున్నాడనుకున్నా సరే.

మన ఆంధ్రదేశంలోనూ పుస్తకమే పాఠకుడి దగ్గరకు వెళ్ళాలన్న పట్టుదల ఉండేది. 1935లో పాతూరి నాగభూషణంగారు కృష్ణా కాలువ మీద పడవలో గ్రంథాలయం నడిపించారు. పెదవడ్లపూడికీ కొల్లూరుకూ మధ్య కాలువ గట్టు ఊళ్ళవాళ్ళు రేవులో పుస్తకాలు మార్చుకునేవారు. అది చూపున్నవారి కోసమే అయినా, ఆలోచన ఇదే.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. బ్రెయిలీ గొప్పదే కాని అది బాల్యంలో పట్టుబడే విద్య. అరవై దాటాక చూపు పోయినవాడి వేలికొసలు మొద్దుబారి ఉంటాయి. షుగర్ ఉంటే మరీనూ. నేనూ ప్రయత్నించి చూశాను. రెండు నెలల్లో పది అక్షరాలు గుర్తుపట్టాను, వాటిలో మూడు తప్పు. ఈ ఇబ్బందిని నూట ఎనభై ఏళ్ళ క్రితమే ఒకాయన గుర్తించాడు. బ్రైటన్‌లోని విలియం మూన్‌కు యవ్వనంలో చూపు పోయింది. 1845లో ఆయన పెద్దవాళ్ళ కోసం వేరే లిపి చేశాడు. చుక్కలు లేవు. ఇంగ్లీషు అక్షరాలనే సులువు చేసి గీతలుగా ఉబ్బెత్తుగా వేశాడు. చిన్నప్పుడు అక్షరాలు కళ్ళతో నేర్చినవాడికి ఆ జ్ఞాపకమే సాయపడుతుంది. ఎందరో వృద్ధులు దాన్ని నేర్చుకున్నారు. కాని ఆ పుస్తకాలు బ్రెయిలీకన్నా ఇంకా లావు.

చూపు పోయిన పెద్దవాళ్ళకు దారి చెవిలోంచి వచ్చింది. ఎడిసన్ 1877లో ఫోనోగ్రాఫ్ చేసి, మరుసటి ఏడాదే దాని ఉపయోగాల పట్టిక రాస్తూ అంధులకు వినిపించే పుస్తకాలను అందులో చేర్చాడు. ఆ మాట నిజం కావడానికి యాభై ఏళ్ళ పైన పట్టింది. కారణం చాలా చిన్నది. నిమిషానికి 78 సార్లు తిరిగే ప్లేటు నాలుగైదు నిమిషాల్లో అయిపోతుంది. పాటకు అది చాలు. నవల ఎక్కించాలంటే బండెడు ప్లేట్లు కావాలి.

అమెరికాలో అంధుల సంక్షేమ సంస్థకు రాబర్ట్ ఇర్విన్ అనే ఆయన నాయకత్వం వహించేవాడు. ఆయనకూ చిన్నతనంలోనే చూపు పోయింది. ఇంజనీర్లను కూర్చోబెట్టి, నిమిషానికి ముప్ఫై మూడూ ఒకటిబై మూడు సార్లు మాత్రమే తిరిగే ప్లేటు తయారు చేయించాడు. ఒక్కొక్క వైపు పదిహేను నిమిషాలు వస్తుంది. ఒక నవల ఓ పదిహేను, ఇరవై ప్లేట్లలో ముగుస్తుంది. 1934లో ఈ "మాట్లాడే పుస్తకాలు" బయటికొచ్చాయి. మన ఇళ్ళలో ఎల్.పి. రికార్డులు అని మురిసిపోయినవి బజారులోకి వచ్చింది 1948లో. అంటే పద్నాలుగేళ్ళ ముందే ఆ సౌకర్యం అంధుల ఇళ్ళలో ఉందన్నమాట.

మొదటి జాబితాలో ఏం ఎక్కించారో చూడండి. బైబిల్లోని భాగాలు, అమెరికా రాజ్యాంగం, షేక్స్‌పియర్ నాటకాలు, వాటి పక్కనే పి.జి. వుడ్‌హౌస్ హాస్యకథలు! చూపులేనివారికి ధర్మబోధే చాలుననుకోలేదు. నవ్వుకోవాలని కూడా ఉంటుందని గ్రహించారు. ఇంగ్లండులో 1935లో మొదలైనప్పుడు అగాథా క్రిస్టీ హత్యా పరిశోధన నవల ఒకటి, జోసెఫ్ కాన్రాడ్ సముద్రపు కథ ఒకటి మొట్టమొదట పంపారు. అక్కడ దీని వెనుక నిలబడ్డవాడు ఇయాన్ ఫ్రేజర్. 1916లో సోమ్ యుద్ధంలో చూపు పోగొట్టుకున్న సైనికాధికారి.

డబ్బు మాట. 1931 మార్చిలో అమెరికా కాంగ్రెస్ ప్రాట్-స్మూట్ చట్టం చేసి ఏటా లక్ష డాలర్లు కేటాయించింది. పుస్తకాలు పంచేందుకు పందొమ్మిది గ్రంథాలయాలను నియమించారు. యంత్రాల ఖర్చు మాత్రం తేలలేదు. కొనగలిగినవారు తక్కువ. హెలెన్ కెల్లర్‌ను చందాల ప్రచారానికి రమ్మంటే ఆవిడ మొదట కాదన్నది. కోటిమందికి పైగా పని లేక తిండికి అలమటిస్తుంటే ఇదొక విలాసమని ఆవిడ అభిప్రాయం. చూపూ, వినికిడీ రెండూ లేని ఆవిడకు మాట్లాడే పుస్తకం తనకంటూ అక్కరకు రాదు కూడా. తరువాత ఆవిడే మనసు మార్చుకుని 1935లో ప్రభుత్వంతో మాట్లాడి సాయం చేసింది. నిరుద్యోగులకు పని కల్పించే పథకం కిందనే యంత్రాలు తయారు చేయించారు. పని లేనివాడికి పని, చూపు లేనివాడికి పుస్తకం. ఆవిడ అభ్యంతరానికి ఇంతకన్నా మంచి సమాధానం ఉండదు.

ఈ గ్రంథాలయాలు పుస్తకం ఎంపికలో పాఠకుడికి చేసే సాయం నన్ను బాగా ఆకట్టుకుంది. చూపున్నవాడు లైబ్రరీకి వెళితే అట్ట చూస్తాడు, రెండు పేజీలు తిరగేస్తాడు, నచ్చకపోతే వదిలేస్తాడు. చూపులేనివాడికి ఆ తిరగేసే సుఖం లేదు. అందుకని 1932లో బ్రెయిలీ పుస్తకాలకు, 1935లో మాట్లాడే పుస్తకాలకు ప్రత్యేక పత్రికలు పెట్టారు. ఒక్కొక్క పుస్తకానికి నాలుగు వాక్యాల్లో సారాంశం, చదివినవారి పేరు ఉంటాయి. తరువాతి కాలంలో హింస ఉందా, మొరటు భాష ఉందా అన్నది కూడా రాయడం మొదలుపెట్టారు. వినే పుస్తకం ఒక్కరికే వినపడదు గదా, పక్కన మనవలుంటారు! ఇంకా పాఠకుడు తనకు ఏ రకం ఇష్టమో, ఎవరి గొంతు ఇష్టమో చెబితే లైబ్రరీలోని సలహాదారు గుర్తుపెట్టుకుని, ఒకటి తిరిగి రాగానే మరొకటి పంపుతారు. అలెగ్జాండర్ స్కోర్బీ అనే నటుడు నాలుగు వందలకు పైగా పుస్తకాలు చదివాడు. కేవలం ఆయన గొంతు కోసం పుస్తకం తెప్పించుకున్నవారున్నారు.

మొదట ఆ సేవ వయోజన అంధులకే ఉండేది. 1952లో పిల్లలను చేర్చారు. 1966లో చేతులు వణికి పుస్తకం పట్టుకోలేనివారిని, పేజీ తిప్పలేనివారిని కూడా చేర్చారు. ప్లేటు పోయి క్యాసెట్టు వచ్చింది. దాన్ని మామూలుకన్నా సగం వేగంతో, నాలుగు దారులుగా వాడి తొంభై నిమిషాల క్యాసెట్టులో ఆరు గంటలు పట్టించారు. 2009 నుంచి అరచేతిలో పట్టే డిజిటల్ పెట్టె. అది వచ్చే డబ్బాకు తిప్పి పెట్టే చిరునామా కార్డు ఉంటుంది. వినడం అయ్యాక కార్డు తిరగేసి పోస్టులో వేస్తే చాలు, స్టాంపు అక్కర్లేదు.

మన దేశం సంగతి. మొదట్లో ఇక్కడ ప్రాంతానికొక బ్రెయిలీ పద్ధతి ఉండేది. స్వాతంత్ర్యం వచ్చాక భారత ప్రభుత్వం యునెస్కో సహాయం అడిగింది. చర్చలు జరిగి 1951లో భారతి బ్రెయిలీ స్థిరపడింది. దీని సొగసు ఏమిటంటే, మన తెలుగు "క"కూ హిందీ "క"కూ తమిళ "క"కూ అవే చుక్కలు. ఇంగ్లీషు కె అక్షరానిదీ అదే గుర్తు. తెలుగు లిపిలో మనం తలకట్టు, గుడి, కొమ్ము అని పడే పాట్లేవీ అందులో లేవు. "కి" రాయాలంటే "క" పక్కన "ఇ". ఒత్తులు కింద వేలాడవు. పొల్లు గుర్తు ముందు పెట్టి అక్షరాలు వరుసగా రాసుకుపోవడమే. అదే సంవత్సరం డెహ్రాడూన్‌లో కేంద్ర బ్రెయిలీ ముద్రణాలయం, 1963లో అక్కడే జాతీయ గ్రంథాలయం వచ్చాయి. మా సంగీతం మాస్టారి ఒడిలో ఉన్నది ఆ గ్రంథాలయం పుస్తకమే.

వినే పుస్తకాలు వచ్చాయి కదా, ఇంకా బ్రెయిలీ ఎందుకంటారు కొందరు. వారితో నేను ఏకీభవించను. చెవితోనే చదివిన పిల్లవాడికి శ, ష, స ఎక్కడ ఏది రాయాలో ఎలా తెలుస్తుంది? ఎదిగే పిల్లలకు అక్షరం వేలికి తగలాలి. నావంటివాడికి అక్షరాలు లోపల ముందే ఉన్నాయి. చెవి చాలు.

ఇటీవలి కాలంలో రెండు మూడు మేళ్ళు జరిగాయి. 2012లో కాపీరైటు చట్టాన్ని సవరించి, మామూలు అచ్చు చదవలేనివారి కోసం అనుమతి అడగకుండానే పుస్తకాన్ని వారికి అనువైన రూపంలోకి మార్చవచ్చునన్నారు. 2013లో మరకేష్‌లో ఇదే విషయం మీద అంతర్జాతీయ ఒప్పందం కుదిరింది. 2014లో దాన్ని అన్ని దేశాలకన్నా ముందు ధ్రువీకరించింది మన దేశమే. 2016 ఆగస్టులో సుగమ్య పుస్తకాలయ్ అనే ఆన్‌లైన్ గ్రంథాలయం ప్రారంభమైంది. అందులో భారతీయ భాషల పుస్తకాలున్నాయి.

ఇంతా చేసి మన సభ్యుల్లో ఎంతమంది ఈ దారి తొక్కారు? మొన్న సంఘం సమావేశంలో పక్కన కూర్చున్న మిత్రుడు గ్లకోమాతో చదవడం మానేసి నాలుగేళ్ళయిందన్నాడు. ఈ గ్రంథాలయాల మాట చెబితే "అది గుడ్డివాళ్ళకి కదోయ్" అన్నాడు. నేనూ మొదట అలాగే అనుకున్నాను. ఆ మాట నోటికి రావడానికి నాకు ఏడాది పట్టింది. ఆ ఏడాదిలో ఒక్క పుస్తకం చదవలేదు. చట్టం అడిగేది అచ్చు చదవగలరా లేదా అని మాత్రమే. ఎంత కనిపిస్తుంది, ఎప్పటినుంచి కనిపించడం లేదు అన్న పేచీ మన మనసులోదే.

ఇక ఏం వినాలి అంటారా? నా అనుభవం చెబుతాను. తేదీలు, పట్టికలు నిండిన చరిత్ర గ్రంథాలు చెవికి అందవు, వెనక్కి తిరగేసి చూసుకోవాలి. మాటల్లో నడిచేవి హాయిగా ఉంటాయి. కన్యాశుల్కం ఎలాగూ నాటకమే. శ్రీపాద సుబ్రహ్మణ్యశాస్త్రిగారి అనుభవాలూ జ్ఞాపకాలూనూ పెద్దాయన ఎదురుగా కూర్చుని చెబుతున్నట్టుంటుంది. వేయిపడగలు లావు చూసి జంకేవారు కూడా విని చూడవచ్చు. విశ్వనాథవారు 1934లో దాన్ని నోటితో చెబుతుంటే తమ్ముడు రాశారట. అమెరికాలో మాట్లాడే పుస్తకం పుట్టిన ఏడాదే! రోజుకు అరగంట మించకుండా వినండి. పడుకుని వింటే నిద్ర పడుతుంది, కూర్చుని వినాలి. చదివేవారి గొంతు నచ్చకపోతే ఆ పుస్తకం మొహమాటపడకుండా వదిలేయండి.

చదివిపెట్టేవారు ఇంట్లోనే ఉంటే ఇంకా మంచిది. మా కోడలు వంట అయ్యాక రోజుకు పది పేజీల చొప్పున బారిష్టర్ పార్వతీశం చదివి ఫోనులో రికార్డు చేసింది. ఆ గ్లకోమా మిత్రుడికి దాన్నే పంపాను. వారం తరువాత ఫోను చేశాడు. పార్వతీశం మద్రాసులో ఆడవాళ్ళ టోపీ కొన్న ఘట్టం వచ్చేసరికి తాను నవ్విన నవ్వుకు లోపలినుంచి వాళ్ళావిడ కంగారుగా పరుగెత్తుకొచ్చిందట. సంగతి విని, చెయ్యి కడుక్కొస్తాను, మళ్ళీ మొదటినుంచీ పెట్టండి అందట.